అణాకో దోమకాటు!

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ధర లేని వస్తువు ఉండదు. తెల్లారేసరికి కూరగాయల బస్తాలు దిగుతాయి, బేరాలు మొదలవుతాయి. కొత్తిమీర కట్టకీ రేటుంది, కరివేపాకు రెబ్బకీ రేటుంది. మరి దోమకాటుకి? ఒకప్పుడు ఈ ఊళ్లో దానికీ రేటు కట్టారు. కాటుకి ఒక అణా!

ఆ బేరం కుదిరిన చోటు మార్కెట్‌కి ఎంతో దూరం లేదు. బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర ఓ పాతకాలపు భవనం ఉంది. ఒకప్పుడది సైనిక ఆసుపత్రి. మలేరియా గుట్టు తేలింది అక్కడే.

అప్పటిదాకా ఆ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. ఇటాలియన్‌లో మలేరియా అంటే అర్థమే అది. రోగి రక్తంలో పరాన్నజీవి ఉందని 1880లో లావెరాన్ చూపించాడు. అది ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతోంది? దోమల మీద అనుమానంతో, అల్మోరాలో పుట్టిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 నుంచీ వాటిని కోసి చూస్తూనే ఉన్నాడు. ఫలితం లేదు. ఆయన చూస్తున్నది వేరే జాతి దోమల్ని మరి!

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటితో కుట్టించుకోవడానికి హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఒప్పుకున్నాడు. ఆగస్టు 16న కుట్టించారు. కుట్టిన ప్రతి దోమకీ ఓ అణా ఇచ్చారు. ఉక్కపోత చంపేస్తున్నా పంకా వేసుకోవడానికి లేదు, కోసిన దోమలు ఎగిరిపోతాయి. రాస్ చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. 20వ తేదీన దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు మరో దోమని కోస్తే అవి ఇంకా పెద్దవయ్యాయి. పరాన్నజీవి దోమలో పెరుగుతోందన్నమాట! 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమైంది.

ఇంత చరిత్ర ఉన్న భవనమూ పట్టించుకునేవాళ్లు లేక పాడుబడింది. శతాబ్ది సందర్భంగా 1997లో బాగుచేశారు. ఆ తర్వాతా నిర్లక్ష్యం తప్పలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న ఈ చోటుకి జువాలజీ విద్యార్థులు వస్తుంటారు. ఇంటర్‌లో ప్లాస్మోడియం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, 'రాస్ వలయం' బట్టీ పట్టినవాళ్లే. ఆ వలయం తమ ఊరి గదిలోనే బయటపడిందని ఇక్కడికొచ్చాక గానీ చాలామందికి తెలియదు.

పాఠంలో రాస్ పేరుంది, హుసేన్ ఖాన్ పేరు లేదు. జ్వరంతో మూలుగుతూ దోమలకి చెయ్యి చాచిన ఆ మనిషి గురించి చెప్పడానికైనా ఈ గోడలు నిలవాలి. మోండాలో కూరలు కొనుక్కుని ఇంటికెళ్లేవాళ్లు ఓ ఆదివారం బేగంపేట దాకా వెళ్లొస్తే, అది మొదలైనట్టే.