తెల్ల కుందేళ్ళు, మా ఇంటి లెక్క

పోస్ట్ పెద్దదే, కొంచెం ఓపిక పట్టండి. మాంసం కుందేళ్ళ పెంపకం గురించి ఈ గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. "ఇంటి దగ్గరే లక్షల ఆదాయం" అనే వీడియోలు పెట్టి ఇది నిజమేనా అంటున్నారు. మా ఇంట్లో రెండేళ్ళ నుంచి కుందేళ్ళు ఉన్నాయి. అందుకని మాకు తెలిసింది, మేం చూసింది రాస్తున్నాం.

మేము అంటే అక్కాచెల్లెళ్ళం ఇద్దరం. పాడేరు వైపు కొండ మీద ఊరు, కొండదొరలం. విశాఖలో ఒకే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. పెద్దదానికి ఇరవై నిండాయి. మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. అయ్యకి ఎకరంన్నర కాఫీ, అందులోనే మిరియాలు, గెడ్డ పక్కన కొంచెం వరి, మెట్ట మీద చోడి. ఏడాది మొత్తంలో చేతికి ఒక్కసారిగా డబ్బు కనపడేది కాఫీ పళ్ళు అమ్మినప్పుడే. మా బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు, సబ్బులు, సెల్ రీఛార్జ్ అన్నీ ఆ డబ్బులోంచే. ఇది ఎందుకు చెప్పామో తర్వాత తెలుస్తుంది.

ముందు ఒక సందేహం తీర్చేస్తాం. "కుందేలు పట్టుకుంటే కేసు కదా" అని చాలామంది భయపడతారు. కేసు అయ్యేది అడవి కుందేలుకి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం. ఫారాల్లో పెంచే తెల్లది వేరే జంతువు. మన అడవిదీ అదీ జత కట్టినా పిల్లలు పుట్టవు. అడవి కుందేలు బయట గడ్డిలోనే ఈనుతుంది, పిల్ల వెంట్రుకలతో, కళ్ళు తెరుచుకుని పుడుతుంది. ఫారం కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, ఎర్రగా బొటనవేలంత పుడుతుంది. మా దగ్గరున్న జాతి పేరు న్యూజిలాండ్ వైట్. పేరే న్యూజిలాండ్, ఆ జాతి తయారైంది మాత్రం అమెరికాలో.

నాయనమ్మకి ఈ సంగతులేవీ మేం చెప్పలేదు. గూట్లోకి ఒకసారి తొంగి చూసి తనే తేల్చేసింది: "ఇదేటర్రా, ఇది కుందేలేటి? సున్నం పూసిన పిల్లి నాగుంది." ఆమె చిన్నప్పుడు ఇటుకల పండక్కి మగవాళ్ళు వేటకెళ్ళి కుందేలు తెస్తే ఊరంతా పంచుకునేవారట. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్ళ ఎగతాళి మామూలుగా ఉండేది కాదట. "అడవి దానికి పరిగెత్తి బతికే దారుంది. మీ దానికి ఏ దారుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ నాయనమ్మ ఆ కూర ముట్టదు, పులుసు మాత్రం పోయించుకుంటుంది.

రెండేళ్ళ కింద సంక్రాంతి సెలవుల్లో మైదానంలో కుందేళ్ళు పెంచే ఒక రైతు దగ్గర ఒక మగది, మూడు ఆడవి కొన్నాం. ఒక్కోటి 600. మెష్, మేకులు, రేకు కలిపి 3,800 అయింది. వెదురు మనదే. మొదట అడుగు కూడా వెదురు బద్దలతోనే వేశాం కానీ అవి రాత్రుళ్ళు కొరికేస్తాయి. అడుగున అర అంగుళం సందు ఉండే ఇనప మెష్ వేస్తే పెంటికలు కిందికి రాలిపోతాయి, కాళ్ళు పొడిగా ఉంటాయి. పెంటికలు కాఫీ మొక్కల మొదట్లో, పెరట్లో చిక్కుడు పాదుకి వేస్తున్నాం.

కుందేలుకి చలి కంటే ఎండ పెద్ద శత్రువు. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా ఆ పెద్ద చెవుల్లోంచే పోవాలి. 32 డిగ్రీలు దాటితే రొప్పుతుంది, మగది చాలాకాలం పనికిరాకుండా పోతుంది. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మనకి ఇక్కడ దేవుడిచ్చిన ఏసీ ఉంది. కింద మైదానంలో ఉండే తమ్ముళ్ళు మే నెలని తలుచుకుని, అప్పుడు ఆలోచించండి.

ఎద ఎప్పుడు వస్తుందా అని ఆవుకి చూసినట్టు చూడక్కర్లేదు, జత కలిసిన తర్వాతే దానికి అండం విడుదలవుతుంది. కానీ ఆడదాన్నే మగదాని గూట్లోకి తీసుకెళ్ళాలి. మగదాన్ని ఆడదాని గూట్లో పెడితే అది నా ఇల్లు అన్నట్టు కరిచి తరుముతుంది. 31 రోజులకి అటూ ఇటూగా ఈనుతుంది. మూడు రోజుల ముందే ఎండుగడ్డి వేసిన పెట్టె లోపల పెట్టాలి. అప్పుడు చూడాలి దాన్ని. నోటితో తన పొట్ట మీద బొచ్చు తనే పీక్కుని గడ్డిలో పరుస్తుంది. మొదటిసారి చూసి అమ్మ, దీనికి ఏదో రోగం వచ్చింది అని పసుపు రాయబోయింది. ఈనిన తర్వాత రోజంతా తల్లి పిల్లల దగ్గరికే పోదు. పాలివ్వట్లేదు అని మనం కంగారు పడతాం. రోజుకి ఒకసారో రెండుసార్లో, అదీ నాలుగైదు నిమిషాలే ఇస్తుంది, ఎక్కువగా చీకట్లోనే. పొద్దున పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయంటే తాగినట్టే. పదో రోజో పన్నెండో రోజో కళ్ళు తెరుస్తాయి.

మాకు ఎక్కువ పిల్లలు పోయింది చీమల వల్ల. మూడో ఈతలో ఏడు పిల్లలు పుడితే పొద్దున్నకి పెట్టె నిండా ఎర్ర చీమలు. రెండే మిగిలాయి. ఆ రోజు మేం హాస్టల్లో ఉన్నాం, అమ్మ ఫోన్లో ఏడ్చింది. తర్వాత గూడు కాళ్ళ కింద కొబ్బరి చిప్పలు పెట్టి నీళ్ళు పోస్తున్నాం. వానాకాలంలో తడి గడ్డి తిని కడుపు ఉబ్బి కొన్ని పోయాయి. అప్పటినుంచి ముందురోజే కోసి, చూరు కింద ఆరబెట్టి వేస్తున్నాం. చిలగడదుంప తీగ, మునగాకు అంటే ప్రాణం వాటికి. తవుడు, మొక్కజొన్న నూక కొంచెం. బూజు పట్టిన నూక మాత్రం అస్సలు వద్దు. ముక్కు మీద, చెవుల్లో తెల్లగా పొక్కులు కడితే గజ్జి. అది మన చేతులకీ అంటుకుంటుంది, దాచకుండా పశువుల డాక్టర్‌కి చూపించండి.

ఇక కోత. మామ కోస్తాడు. చెవుల వెనక కర్రతో ఒకే దెబ్బ, తర్వాత కత్తి. పెద్దది దగ్గరుండి తోలు తీయడం నేర్చుకుంది. చిన్నది ఒకదానికి బుజ్జి అని పేరు పెట్టింది, అది కూరైన రోజు పక్కింట్లో తిని వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు మా ఇంట్లో పెంపకానికి ఉంచేవాటికే పేర్లు. హాస్టల్లో ఒక అమ్మాయి ఫోటో చూసి "ఛీ, ఇంత ముద్దుగా ఉంటే ఎలా తింటారు మీరు?" అంది. ఆ "మీరు" అనడంలో ఏముందో ఈ గ్రూపులో వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ఆదివారం చికెన్ రోజు ఆ అమ్మాయి మాకంటే ముందే లైన్లో ఉంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి.

పోయిన వేసవిలో సంత రోజు ఒకతను బైక్ మీద వచ్చాడు, మెడలో కార్డు, చేతిలో రంగుల కాగితం. కుందేళ్ళ కంపెనీ అట. ఒక యూనిట్ అంటే 7 ఆడవి, 3 మగవి, గూళ్ళు, దాణా కలిపి లక్షా పాతిక వేలు. పిల్లలన్నీ కేజీ 300 చొప్పున కంపెనీయే కొంటుంది. ఏడాదికి 7 ఈతలు, ఈతకి 8 పిల్లలు, మొత్తం 392. ఒక్కోటి 2 కేజీలు. అంటే 2,35,200 రూపాయలు. కాగితం మీద గుణకారం తప్పు లేదు, మేం కూడా వేసి చూశాం.

అయ్యకి ఆశ పుట్టింది. "పెంచడం మనకి ఎలాగూ వచ్చు" అన్నాడు. డ్వాక్రా గ్రూపులో అమ్మకి లోన్ వచ్చే వంతు అప్పుడే వచ్చింది. వాయిదాలు కట్టాలంటే కాఫీ డబ్బులే. కాఫీ డబ్బు వాయిదాలకి పోతే ఇద్దరిలో ఒకరు చదువు ఆపాలి. ఎవరు ఆపాలో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ చిన్నది ఆ రాత్రి నిద్రపోలేదు.

అందుకని మా సొంత లెక్క తీశాం. అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతుంది, మేం వాటిని నోట్‌బుక్‌లో ఎక్కించాం. ఏడాదిలో మూడు ఆడవాటికి కలిపి 11 ఈతలు, 63 పిల్లలు. మూడు నెలలు బతికింది 41. మేం తిన్నవి 14, చుట్టాలకి ఇచ్చినవి 4, పెంపకానికి ఉంచుకున్నవి 4, సంతలో అమ్మినవి 19. ఒక్కోటి 450 లెక్కన 8,550. తవుడు, నూక 3,100, మందులు 600 తీసేస్తే 4,850 మిగిలింది. నెలకి 400. రెండు కేజీల కుందేలుకి కేజీ మాంసం వస్తుంది, అంటే 14 కేజీల కూర మా కంచాల్లోకి వచ్చింది. ఇది తక్కువా ఎక్కువా అనేది మీ ఇష్టం. మాకైతే వానాకాలంలో సంతకి దారి తెగినప్పుడు కూడా కూర ఉంది. కానీ అది లక్షలు కాదు.

అయ్యకి కోపం వచ్చింది. "నాలుగు ముక్కలు చదివి నన్ను లెక్కలు అడుగుతున్నారు" అన్నాడు. మేం అడగాలనుకుంది అయ్యని కాదు, ఆ బైక్ అతన్ని. పై సంతకి అతను మళ్ళీ వస్తే అడిగాం: ఈ మాంసం ఏ ఊళ్ళో, ఏ షాపులో అమ్ముతున్నారు? "ఫారిన్‌కి ఎక్స్‌పోర్ట్" అన్నాడు. కోసేది ఎక్కడ? "అది మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది." విశాఖలో ఎన్ని చికెన్ షాపులున్నాయో మనకి తెలుసు, కుందేలు షాపు ఒక్కటైనా మా కంట పడలేదు. తినేవాడు కనపడకుండా 392 కుందేళ్ళు ఎవరు కొంటారు? కొత్తగా యూనిట్ తీసుకునే ఇంకో రైతు కొంటాడు. అతని డబ్బే మనకి ఇస్తారు. కొత్త రైతు దొరకని రోజు ఫోన్ ఎత్తరు.

అయితే అతన్ని ఆపింది మా తెలివి కాదు. గ్రూపు ఆడవాళ్ళలో మా పెద్దమ్మ ఒకామె, వేలిముద్ర మనిషి, మెల్లగా అంది: "బాబూ, వీళ్ళ దగ్గర తొమ్మిది కుందేళ్ళు అమ్మకానికి ఉన్నాయి. నీ రేటుకే ఈరోజు తీసుకెళ్ళు. డబ్బులు లెక్కెట్టు. పై వారం పదిమందిమి యూనిట్లు తీసుకుంటాం." మావి కంపెనీ జాతి కాదు అన్నాడు. కాగితం మీద బొమ్మ కూడా న్యూజిలాండ్ వైటే, ఆ ఎర్ర కళ్ళు అవే. పై వారం అతను రాలేదు. కొండకి అవతలి పంచాయితీలో రెండు ఇళ్ళవాళ్ళు అప్పటికే డబ్బు కట్టేశారు. మొదటి విడత పిల్లల్ని చెప్పిన రేటుకే కొన్నారట, రెండో విడతకి నంబర్ పనిచేయలేదు. ఇప్పుడు వాళ్ళ దగ్గర 60కి పైగా కుందేళ్ళు, దాణా కొనలేక సంతలో జత 300కి ఇచ్చేస్తున్నారు. దాంతో మా రేటూ పడిపోయింది. వాళ్ళ మీద మాకు కోపం లేదు, ఒక మగదాన్ని వాళ్ళ దగ్గరే కొన్నాం. ఒకే రక్తంలో జత కట్టిస్తే పిల్లలు బలహీనంగా పుడతాయి కాబట్టి మగదాన్ని మార్చాల్సిందే.

అయ్య ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. లోన్ డబ్బుతో ఇంటి మీద రేకులు మార్చారు, మిగిలిన దానితో మిరియం మొక్కలు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు చూస్తే అయ్యే పొద్దున్నే లేచి కొబ్బరి చిప్పల్లో నీళ్ళు పోస్తున్నాడు.

ఇప్పుడు ఆడవి నాలుగు, మగది ఒకటి. అంతకంటే పెంచం. మా ఇల్లు, మామ ఇల్లు, సంతలో తెలిసిన ముగ్గురు నలుగురు, అంతమందికి ఎన్ని కావాలో అన్నే. పాడేరు చుట్టుపక్కల ఎవరికైనా మగదాన్ని మార్చుకోవాలని ఉంటే కామెంట్లో ఊరు పేరు పెట్టండి, దసరా సెలవుల్లో తెస్తాం. రెండు చూడితో ఉన్నాయి. ఒకదానికి ఈ ఆదివారానికి 31 రోజులు. పెట్టె పెట్టమని అమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాం, నిన్ననే పెట్టేసిందట.