ఊరికే ఇచ్చేవాళ్ళ వ్యాపారం

ఊరికే వచ్చిన వస్తువుకు విలువ వుండదని పెద్దలంటారు. కాని అలా ఊరికే ఇచ్చే వస్తువు మీద కోట్లు గడించే వ్యాపారం ఒకటి వున్నదనీ, దాన్ని గురించి మాట్లాడమని బెంగుళూరు నుంచి నాకు పిలుపు వచ్చిందనీ చెబితే మా పిన్ని ముక్కుమీద వేలేసుకున్నది.

"ఊరికే ఇచ్చేదానికి వ్యాపారమేమిటిరా? దానికొక సభా? అందులో నీ ఉపన్యాసమా?"

మూడూ సబబైన ప్రశ్నలే. పిన్నికి నచ్చజెప్పగలిగితే సభవారికి నచ్చజెప్పడం ఏమంత కష్టం కాదనుకున్నాను.

"పిన్నీ, నీ ఆవకాయ పాళ్ళు ఎవరికైనా దాచావా?"

"దాచడమెందుకూ? అడిగినవాళ్ళందరికీ చెప్పాను."

"మరి ఏటేటా వీధివాళ్ళు నీచేతనే ఎందుకు కలిపించుకుంటున్నారు?"

"కాయ చూసి ఏరాలి, మూడోనాడు తిరగకలపాలి. ఎక్కడైనా బూజు పడితే నన్నేగా అడుగుతారు... ఓహో!"

ఆ "ఓహో"లో నా ఉపన్యాసం సగం వున్నది. కంప్యూటరును నడిపే ప్రోగ్రాముకు ఒక మూలపాఠం వుంటుంది. దాన్నే సోర్సు కోడు అంటారు. చాలా కంపెనీలు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాయి. ఓపెన్ సోర్సువారు నలుగురిలో పెడతారు. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడాను. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ దారి పట్టాడు. 1991లో ఫిన్లాండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు లైనక్సును లోకానికి ఇచ్చాడు. మీ చేతిలోది ఆండ్రాయిడ్ ఫోనైతే అందులో వున్నది ఆ లైనక్సే సుమండీ. అదే లైనక్సును సర్ది, పరీక్షించి, "బూజు పడితే మేమున్నాం" అని హామీ ఇచ్చి చందా పుచ్చుకున్న రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐ.బి.యం.వారు సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నారు.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే స్వేచ్ఛ అనీ అర్థమే, ఉచితమనీ అర్థమే. స్టాల్‌మన్ చెప్పేది మొదటిది. జనానికి వినబడేది రెండవది. ఆ తికమక తప్పాలనే 1998లో క్రిస్టీన్ పీటర్సన్ 'ఓపెన్ సోర్సు' అన్న పేరు సూచించింది. మన తెలుగుకు ఆ బెడద లేదు. రెండర్థాలకూ రెండు మాటలున్నాయి. సభలో ఈ సంగతి చెప్పగానే తెలుగువాళ్ళు ఏయే మూలల కూర్చున్నారో చప్పట్లను బట్టి తెలిసిపోయింది.

ఇంతవరకూ వ్యాపారం. ఇక సమాజం. ఊరందరూ తోడుకునే బావికి పూడిక తీసేదెవరు? 2014లో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఇంటర్నెట్టులో కోట్లాది జనం రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో అది దాగి వున్నది. అంతటి ప్రోగ్రాముకు పూర్తికాలం పనిచేసేవాడు అప్పటికి ఒక్కడే! 2024 మార్చిలో మరొకటి. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామును ఒంటరిగా మోసి అలసిన స్వచ్ఛంద సేవకుడికి ఎవరో సాయంగా వచ్చారు. రెండేళ్ళకు పైగా నమ్మకంగా మెలిగి, చివరికి అందులో దొంగతలుపు పెట్టారు. తన కంప్యూటరు అరసెకను ఆలస్యంగా పలుకుతున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి గండం గడిచింది.

ఇవన్నీ చెప్పి నేను దిగబోతుంటే వెనక వరుసలో ఒకమ్మాయి లేచింది. ఆరేళ్ళుగా, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక రాత్రిళ్ళు కూర్చుని, ఇటువంటి ప్రోగ్రాములలోని మాటలను తెలుగు చేస్తున్నదట.

"మీరు సమాజం అంటున్నారు. అందులో నేనున్నానండి. కంపెనీలకు లాభాలు, నాకు చప్పట్లు. ఇంట్లో నాన్నగారికి ఒంట్లో బాగుండడం లేదు. ఇక మానేద్దామనుకుంటున్నాను. మానవద్దని మీరు చెప్పగలరా?"

హాలు నిశ్శబ్దమైపోయింది. "మానవద్దమ్మా" అనడం చాలా తేలిక. కాని ఆమె రాత్రుల మీద నాకేం హక్కున్నది?

"మానవచ్చునమ్మా. మానగలగడం కూడా స్వేచ్ఛే. అయితే ముందు ఒక్కసారి ధర అడిగి చూడండి. ప్రోగ్రామును ఊరికే తీసుకోవచ్చునని లైసెన్సులో వున్నది. మీ నిద్రను కూడా తీసుకోవచ్చునని ఏ లైసెన్సులోనూ లేదు" అన్నాను.

ముందు వరుసలోని కంపెనీ పెద్దలతో, "అయ్యా, మీరు వాడుకునే ఇటువంటి ప్రోగ్రాములకు ఒక జాబితా వ్రాయించండి. ఒక్కొక్కదానికి ఎదురుగా దాన్ని బాగుచేసేవారు ఎందరో వేయించండి. 'ఒకటి' అని వున్నచోట ఎర్రసిరాతో గీత గీయండి. మీ డబ్బు ముందుగా అక్కడికి వెళ్ళాలి" అన్నాను. కొందరు నవ్వారు. ఇద్దరు మాత్రం వ్రాసుకున్నారు.

కాఫీల దగ్గర ఆ ఇద్దరిలో ఒకాయన ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వచ్చాడు. "తెలుగు పనికి నెలకింత అని ఏర్పాటు చేయమని మావాళ్ళను అడుగుతాను. ఇంతవరకు చేసినదానికీ కలిపి లెక్క పంపండమ్మా" అన్నాడు.

ఆమె కాసేపు ఆలోచించింది. "ముందు చేయబోయేదానికి పంపుతానండి. చేసినదానికి లెక్క లేదు. అది నేను ఇచ్చినది" అన్నది.

ఇచ్చినదానికీ, ఇంకా చేయవలసినదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో నేను ముప్పావుగంట చెప్పాను. ఆ అమ్మాయి మూడు మాటల్లో చెప్పేసింది. ఆయన మాట నిలబెట్టుకుంటాడో లేదో చూడాలి. నిలబెట్టుకుంటే ఒక ఇంట్లో దీపం కాస్త ముందుగా ఆరుతుంది. తెలుగు మాత్రం ఆగదు.