కెమెరా పట్టని గల్లీ

"మీరెక్కడుంటారండీ?" అని అడిగిన వాళ్ళకి "పాతబస్తీలో, శాలిబండ దగ్గర" అని చెప్పానంటే చాలు, వాళ్ళ మొహంలో జాలి కనిపిస్తుంది. "అయ్యో, ఆ గోలలో ఎట్లా ఉంటున్నారండీ?" అంటారు. "మాది చాలా ప్రశాంతమైన పేటండీ" అంటాను నేను. ఇక చూడండి... నేనేదో కామెడీ డైలాగు చెప్పినట్టు నవ్వుతారు!

వాళ్ళని అనడానికి లేదు లెండి. వాళ్ళు చూసిన పాతబస్తీ అంతా తెర మీదదే. మన సినిమాల్లో పాతబస్తీ సీను ఎట్లా మొదలవుతుందో సినీప్రియులు, మీకు నేను చెప్పాలా? ముందు చార్మినారు, దాని మీద పావురాలు. ఆ వెంటనే ఆటోల హారన్లు, గాజుల కొట్లు, జనం. హీరో పరుగెత్తుకొస్తాడు, వెనక విలన్ మనుషులు జీపుల్లో. ఒక్క పళ్ళబండి అయినా బోర్లా పడకుండా ఆ సీను ముగియదు!

2003లో గుణశేఖర్ తీసిన 'ఒక్కడు' చూసే ఉంటారు. అందులో మహేష్ బాబు ఇల్లు చార్మినార్ పక్కనే. ఆ జనంలో అన్ని రోజులు షూటింగ్ అయ్యే పనేనా? అందుకని చార్మినార్‌నీ, చుట్టూ ఇళ్ళనీ కలిపి ఏకంగా సెట్టు వేసేశారు. అది నిజం చార్మినారే అని పందెం కాసినవాళ్ళు మా గల్లీలోనే ఉన్నారంటే నమ్ముతారా? ఆ తర్వాత రెండు మూడేళ్ళకి 'ది అంగ్రేజ్' వచ్చి మా హైదరాబాదీ మాటలతో అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది. అంతకుముందు 1982లో సాగర్ సర్హదీ 'బజార్' తీసి, మా ఊళ్ళో పేదింటి ఆడపిల్లల పెళ్ళి బేరాలు చూపించి కన్నీళ్ళు పెట్టించాడు. గోల అయింది, నవ్వు అయింది, ఏడుపూ అయింది. మా నిశ్శబ్దాన్ని మాత్రం ఎవరూ తియ్యలేదు. తీద్దామన్నా మా గల్లీలో కెమెరా ట్రాలీ పట్టదు!

రండి, ఒకసారి తీసుకెళ్తాను. 1591లో కట్టిన చార్మినార్ దగ్గర నించి దక్షిణంగా, మక్కా మసీదు దాటి నడిస్తే శాలిబండ వస్తుంది. మెయిన్ రోడ్డు మీద బస్సులూ, ఆటోలూ, చాయ్ హోటళ్ళూ, మీరు సినిమాల్లో చూసిన సందడంతా ఉంటుంది. అక్కడ ఒక పాత దేవిడీ గోడకీ ఒక దుకాణానికీ మధ్య సందు ఉంది. అందులోకి తిరగండి. పదడుగులు వేసేసరికి మోత సగానికి తగ్గుతుంది. మొదటి మలుపు తిరిగితే ఎవరో రేడియో కట్టేసినట్టుంటుంది. రెండో మలుపు దగ్గర మీ చెప్పుల చప్పుడు మీకే వినబడుతుంది.

ఇందులో మాయేం లేదు. పాతకాలం వాళ్ళ కట్టుబడి అలాంటిది. డంగు సున్నంతో కట్టిన లావాటి రాతిగోడలు. వీధి వైపు కిటికీలు తక్కువ. తలుపు తోసుకుని లోపలికెళ్తే నడవా, ఆ తర్వాత ఆకాశం కనిపించే సెహన్, దాని చుట్టూ గదులు. అంటే ఇల్లు వీధికి వీపు పెట్టి కూచుంటుందన్నమాట! గల్లీ వంకరటింకర కాబట్టి రోడ్డు మీది చప్పుడు తిన్నగా లోపలికి రాలేదు. కారు దూరదు కాబట్టి హారను బాధ లేదు.

అలాగని అసలు శబ్దమే ఉండదనుకునేరు. ఉంటుంది, కానీ ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తుంది. తెల్లారకముందు ఫజర్ అజాన్. కాసేపటికి పక్క సందులో గుడిగంట. ఆ తర్వాత పాలవాడి సైకిలు బెల్లు. మధ్యాహ్నం మూడింటికి ఎవరింట్లోనో కుట్టుమిషను... ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. మా అమ్మ ఆ చప్పుడు విని, "ఇయ్యాల చాచీ లేటుగ మొదలువెట్టింది, పానం మంచిగ లేనట్టుంది" అంటుంది. కనుక్కుంటే నిజంగానే చాచీకి జ్వరం!

ఇంత నిశ్శబ్దంలో బతకడానికి కట్టాల్సిన సుంకం ఒకటుందండోయ్. ఇక్కడ రహస్యాలు దాగవు. నా కాలేజీ రోజుల్లో యాకుత్‌పురాలోని యాకుత్ మహల్‌లో పాత హిందీ బొమ్మలు మళ్ళీ మళ్ళీ ఆడేవి. టిక్కెట్టు చవక. ఇంట్లో చెప్పకుండా సెకండ్ షోకి చెక్కేసి, తిరిగొచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వచ్చేవాణ్ణి. ఎదురింటి గోనెపట్టా పరదా వెనక నించి ఖాలా గొంతు వినిపించేది, "కౌన్‌సీ పిక్చర్ బేటా?" అని. అంతే! తెల్లారేసరికి బొమ్మ పేరేమిటో, ఇంటర్వెల్‌లో నేను ఎన్ని సమోసాలు తిన్నానో కూడా అమ్మకి తెలిసిపోయేది. ఇలాంటి గల్లీలో ప్రేమలేఖ విప్పాలంటే కాయితం చప్పుడుకి కూడా భయపడాలి మరి!

కానీ ఒక నిశ్శబ్దం మాత్రం మాకెవరికీ ఇష్టం లేదు. 1990 డిసెంబరులో పాతబస్తీలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టారు. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ రోజుల్లోనూ గల్లీ నిశ్శబ్దంగానే ఉంది. కానీ కుట్టుమిషను లేదు, సైకిలు బెల్లు లేదు. దూరంగా పోలీసు విజిల్, బూట్ల చప్పుడు. అంతే. మా చెల్లెలు అప్పటికింకా పాలు తాగే పిల్ల. ఇంట్లో పాలు నిండుకున్నాయి. అమ్మ ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఏడుపు విని ఖాలాయే తెలుసుకుంది. ఆ రాత్రి మా మిద్దె మీద చిన్న చప్పుడైతే నాన్న కర్ర పట్టుకుని పైకెళ్ళాడు. తీరా చూస్తే పిట్టగోడ మీద స్టీలు గిన్నె, దాని మీద మూత, ఆ మూత ఎగిరిపోకుండా ఒక రాయి! గిన్నెలో మేకపాలు. ఖాలా వాళ్ళ మేక ఒకటుండేది లెండి.

రహస్యాలు దాగని గల్లీ అని ఇందాక విసుక్కున్నానుగా... ఆ రాత్రి పిల్ల ఏడుపు కూడా దాగలేదు. అందుకే మా చెల్లి పాలు తాగింది. ఈ రెండూ ఒక్క బేరమేనని నాకు పెద్దయ్యాక అర్థమైంది. సినిమాల్లో అల్లర్ల సీనులో కత్తులు చూపిస్తారు, మంటలు చూపిస్తారు. మూత మీద రాయి పెట్టిన ఆ గిన్నెని కూడా ఎవరైనా క్లోజప్‌లో చూపిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఈమధ్య మూడో రకం నిశ్శబ్దం మొదలైంది. తాళాల నిశ్శబ్దం! టోలీచౌకీకి కొందరు, దిల్‌సుఖ్‌నగర్‌కి కొందరు వెళ్ళిపోయారు. కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలి, పిల్లలకి లిఫ్టున్న ఇళ్ళు కావాలి. తప్పేముంది? కుట్టుమిషను చాచీ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడింటికి అమ్మ ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి వింటుంది.

పైగా మెట్రో వస్తోంది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నించి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, మా శాలిబండ మీదుగానే. రావాల్సిందేనండీ! మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆసుపత్రికి ఆటోలో పడుతున్న అవస్థ నాకు తెలుసు. కానీ రోడ్డు వెడల్పు కావాలి. ఇందాక మీకు చూపించిన దేవిడీ గోడ ఉందే, దాని మీద కొలతల గుర్తులు పడ్డాయి. ఆ గోడే మా గల్లీకి తెర. అది తొలిగితే రోడ్డు మోత నేరుగా మొదటి మలుపు దాకా వచ్చేస్తుంది. రెండో మలుపు ఆపుతుందో లేదో చూడాలి.

మా తమ్ముడు అత్తాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. "అన్నా, మెట్రో పేరు చెప్పి ఇప్పుడే మంచి రేటు వస్తుంది, అమ్మేద్దాం" అని కాయితాలు పట్టుకొచ్చాడు. వాడి లెక్కలో తప్పు లేదు. కానీ అమ్మ ఒక్కటే మాటంది, "మీరు పోండ్రి బిడ్డా. నాకు రాత్రి పానం బాగలేకపోతే నీ ఫ్లాటుల ఎవలకు ఇనవడుతది?" వాడు నోరెత్తలేదు. నేను సంతకం పెట్టలేదు. మొదటి రైలు పరుగెత్తేదాకా ఆ ఊసు ఎత్తొద్దని చెప్పి పంపించాను. ఆ తర్వాత వాడు మళ్ళీ అడుగుతాడు, నాకు తెలుసు.

అన్నట్టు, ఇప్పుడు మీ అందరి జేబుల్లోనూ కెమెరాలున్నాయి కదా, ట్రాలీ అక్కర్లేదు. షార్ట్ ఫిల్ములు తీస్తున్న కుర్రాళ్ళు మీలో బోలెడుమంది ఉంటారు. బోనాలకి రాకండి, మొహర్రానికి రాకండి. అవి గోల చేయడానికి మాకు హక్కున్న రోజులు, అందరూ తీసేశారు. మామూలు రోజు మధ్యాహ్నం మూడింటికి రండి. ఆ గోడ నిలబడి ఉండగానే రండి. రెండో మలుపు దగ్గర నిలబడి ఒక్క పది నిమిషాలు సౌండు రికార్డు చేసుకోండి.

పరదా వెనక నించి ఖాలా "కౌన్‌సీ పిక్చర్ బేటా?" అని అడగకుండా ఉండదు. ముసలిదైపోయింది గానీ చెవులు అలాగే ఉన్నాయి. నిజమే చెప్పండి. ఎలాగూ తెలిసిపోతుంది!