ఎవరి వైపు నుంచి వచ్చిందట?

మా వీధిలో ఒకావిడకి డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప పుట్టింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు బేబీ సబ్బుల డబ్బా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "ఎవరి వైపు నుంచి వచ్చిందట?"

చాలావరకు ఎవరి వైపు నుంచీ కాదండీ బాబూ! నూటికి 95 మందిలో 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటమే కారణం, వంశంతో పనిలేదు. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. అందుకే ముందు గుండెకి ఎకో, దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష. పాపం, ఆవిడ ఇప్పుడు ఆ తిరుగుడులోనే ఉంది.

ఆ ప్రశ్న మానేసి, ఆవిడ పెద్దకొడుకుని స్కూల్ నుంచి తీసుకొచ్చి ఇంత పెరుగన్నం పెట్టండి. రేపు వైకల్య సర్టిఫికెట్ క్యాంపుకి వెళితే క్యూలో తోడు నిలబడండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, పసితనం నుంచే థెరపీ ఇస్తారు. కారున్నవాళ్లు ఓ పూట దింపి రావచ్చు.