సాక్షిని దండించరాదు

కీడు వార్త తెచ్చినవానిపై కోపగించుకోవడం మానవునికి అనాదిగా ఉన్న అలవాటు. యంత్రయుగంలోకి వచ్చిన తరువాత కూడ ఆ అలవాటు మనలను విడిచిపెట్టలేదు. కారు నడిపేవారి ఎదుట, వేగం చూపే మీటరు ప్రక్కన, ఇంజిన్ ఆకారంలో ఒక చిన్న పసుపు దీపం ఉంటుంది. చెక్ ఇంజిన్ దీపమని దానికి పేరు. అది వెలిగిన వెంటనే యజమాని గుండె జారుతుంది. మెకానిక్ ఏదో ఒక భాగం పేరు చెబుతాడు. డబ్బు చేతులు మారుతుంది. ఆ దీపం ఏమి చెప్పింది, ఎందుకు చెప్పింది అనే విచారణ మాత్రం తరచుగా జరగదు. అట్టి విచారణ ఎంత అవసరమో మా ఇంట జరిగిన ఒక ఉదంతం ద్వారా విన్నవించదలచాను.

మేముండేది కర్నూలు. మా అమ్మీకి కంటి చికిత్స నిమిత్తం నెలకొకసారి హైదరాబాదు వెళ్లవలసి ఉంది. రానుపోను నాలుగు వందల కిలోమీటర్లు పైబడిన ప్రయాణం. బస్సులో అన్ని గంటలు కూర్చోవడం ఆమెకు కష్టమై, మా పొరుగాయన ఎనిమిదేళ్లు వాడిన పెట్రోలు కారును కొన్నాను. కొనేముందు స్కానర్ పెట్టించి చూచాను. స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయిన ఈ ఏర్పాటు ఇప్పుడు మన కార్లలోను ఉన్నది. స్కానర్‌ను అందులో తగిలిస్తే కారులోని కంప్యూటర్ తన జ్ఞాపకాలను చెబుతుంది. దోషమేదీ నమోదు కాలేదు. అంతేకాదు, కంప్యూటర్ తనంతట తాను జరిపే పరీక్షలన్నీ పూర్తయినట్లు చూపింది. ఇది ముఖ్యం. ఎవరైనా దీపాన్ని ఆర్పడానికి జ్ఞాపకాన్ని చెరిపివేస్తే ఆ పరీక్షలు అసంపూర్తి అని కనబడతాయి. మరల కొన్ని దినాలు నడిపితేగాని పూర్తికావు. పాత కారు కొనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, ఎన్నో మోసాలు తప్పుతాయి.

పన్నెండవ నాడు దీపం వెలిగింది. అమ్మీ ప్రయాణానికి నాలుగు రోజులే గడువు. ఇంట్లో ఒకటే మాట: "పొరుగాయన మనలను మోసం చేశాడు." ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు స్నేహం ఒక పసుపు దీపం ముందు దోషిగా నిలబడింది. ఒక షెడ్డులో చూపించగా, ఆక్సిజన్ సెన్సార్ పోయిందని, మార్చడానికి తొమ్మిది వేలవుతుందని చెప్పారు. చికిత్స కోసం దాచిన సొమ్ములో అది పెద్ద భాగం.

స్కానర్‌లో కనిపించిన సంకేతం పి 0171. సంకేతానికి ఒక వ్యాకరణం ఉన్నది. పి అనగా ఇంజిన్, గేర్ల వ్యవస్థ. సున్న అనగా అన్ని కంపెనీలకు ఉమ్మడి సంకేతం. ఒకటి అనగా ఇంధనం, గాలి కొలతలకు చెందినది. మొత్తం మీద దాని అర్థం: మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఈ వాక్యంలో సెన్సార్ చెడినదన్న మాట ఎక్కడున్నది? పద్యంలో లేని అర్థాన్ని తెచ్చి పెట్టే విద్యార్థికి మేము మార్కులు తగ్గిస్తాము. ఇక్కడ జరిగినదీ అదే.

పెట్రోలు సరిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ ఆ నిష్పత్తి కుదిరిందో లేదో చెబుతుంది. బాష్ సంస్థ తయారుచేసిన ఈ సాధనం 1976లో వోల్వో కార్లతో వాడుకలోకి వచ్చింది. గాలి ఎక్కువైనదని సెన్సార్ చెబితే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఆ సవరణ హద్దు దాటి కొనసాగితేనే దీపం వెలుగుతుంది. కనుక దీపం ఒక ఫిర్యాదు, తీర్పు కాదు.

మా పేటలో ఒక వృద్ధ మెకానిక్ ఉన్నారు. అందరూ చాచా అంటారు. ఆయన పెద్దగా చదువుకోలేదుగాని విచారణ పద్ధతి ఎరిగినవారు. ముందుగా దోషం నమోదైన క్షణాన కారు ఏ స్థితిలో ఉన్నదో స్కానర్‌లో చూచారు. ఇంజిన్ వేడెక్కి ఉంది, వేగం సున్న. అనగా కారు ఆగి, ఇంజిన్ మాత్రం ఆడుతున్నప్పుడు దోషం పుట్టింది. తరువాత అదే స్థితిలో పెట్రోలు సవరణ ఎంతో చూచారు: 25 శాతం అధికం. యాక్సిలరేటర్ నొక్కి ఇంజిన్‌ను నిమిషానికి 2500 చుట్లకు తెచ్చారు. సవరణ 6 శాతానికి పడిపోయింది.

"చూశారా సార్, పెట్రోలు పంపు బలహీనపడితే వేగం పెంచినకొద్దీ లోటు పెరగాలి. ఇది తగ్గుతోంది. ఎక్కడో దొంగగాలి దూరుతోంది," అన్నారు చాచా.

ఆ తర్కం నాకు ఎంతో నచ్చింది. మా కారులో లోపలికి వచ్చే గాలిని ఒక మీటరు కొలుస్తుంది. ఆ మీటరు దాటిన తరువాత ఎక్కడైనా చీలిక ఉంటే లెక్కకు రాని గాలి చేరుతుంది. ఇంజిన్ నెమ్మదిగా ఆడునప్పుడు లోపలి పీల్పు అధికం, మొత్తం గాలి స్వల్పం. కనుక కొద్దిపాటి దొంగగాలి కూడ పెద్ద వాటా అవుతుంది. వేగం పెరిగితే అసలు గాలి పెరిగి ఆ వాటా తగ్గుతుంది.

చాచా ఇంజిన్ ఆవిరిని తిరిగి లోపలికి పంపే రబ్బరు పైపును చేతితో తడిమి, ఇంజిన్ వైపు గుడ్డ చుట్టి గట్టిగా నొక్కారు. స్కానర్‌పై సవరణ అంకె చకచకా దిగజారింది. పైపు అడుగున, కంటికి కనబడని చోట, వేడికి బిగిసిన రబ్బరు చీలి ఉన్నది. కొత్త పైపుకు, కూలికి కలిపి ఏడు వందల రూపాయలైనవి. రెండు రోజులు ఊరిలో నడిపి చూచితిమి. సవరణ 3 శాతం వద్ద నిలిచింది. నిర్ణీత దినాన అమ్మీని హైదరాబాదు తీసుకొనిపోయాను.

"సెన్సార్ పాపం నిజమే చెప్పింది సార్. దాన్ని మార్చి ఉంటే కొత్తది కూడా ఇదే మాట చెప్పేది," అన్న చాచా మాట నాకు మరపురాదు. నిజం చెప్పిన సాక్షిని పీకి పారవేయడానికి మేము తొమ్మిది వేలు చెల్లించవలసి వచ్చేది. పొరుగాయన మాటా అంతే. అమ్మేనాటికి పరీక్షలన్నీ పూర్తయి ఉన్నాయి గనుక ఆయన దేనినీ చెరిపి దాచలేదు. ఈ సంగతి వివరించిన నాడు ఇంట్లోవారి ముఖాలలో సిగ్గు, ఊరట రెండూ కనిపించాయి. ఆ పండుగకు ఆయన ఇంటికి షీర్ ఖుర్మా వెళ్లింది.

అయితే విచారణ పేరిట ఆలస్యం కూడ తగదు. ఈ దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవచ్చు. మిణుకు మిణుకుమని ఆరి వెలుగుతుంటే సాధారణంగా ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. వేగం తగ్గించి వీలైనంత త్వరగా ఆపాలి, లేనిచో పొగను శుద్ధిచేసే ఖరీదైన కన్వర్టర్ పాడవుతుంది. ఇక ఆయిల్‌కు, వేడికి చెందిన ఎర్ర దీపాలు వెలిగితే క్షేమమైన చోట ఇంజిన్ ఆపడమే మార్గం.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు యంత్రాలు బాగుచేస్తారు. కొందరు రోగులను చూస్తారు. కొందరు న్యాయస్థానాలలో నిలబడతారు. మాబోటివారు హాజరుపట్టీలు పట్టుకొని తరగతులకు వస్తూనే ఉంటారు. ఆ పట్టీలో ఒక పేరు ఎదుట వరుసగా గైర్హాజరు గుర్తులు పడినప్పుడు, ఆ విద్యార్థిని పిలిచి దండించడం సులభం. అతడు ఏ పూట రావడం లేదో, ఆ పూట ఇంట్లో ఏమి జరుగుతున్నదో అడగడం శ్రమతో కూడిన పని. చాచా పైపు మీద చేయి వేసినది ఆ శ్రమ పడిన తరువాతనే.