మచ్చమీది విటమిన్ ఇ

కాలిన మచ్చగాని, కుట్లు విప్పిన గాయపు గుర్తుగాని కంటబడినంతనే ఆకుపచ్చని విటమిన్ ఇ క్యాప్సూలును గుండుసూదితో పొడిచి, ఆ జిగట నూనెను పూటపూటకు రాయుమని ఉపదేశించెడు పిన్నమ్మ లేని ఇల్లు మనలో అరుదు. ఈ విశ్వాసమును అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయపు చర్మవైద్యులు పరీక్షించి 1999లో ప్రకటించిన తీరు నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. చర్మ క్యాన్సరును కోసి తీయించుకొన్న 15 మంది మచ్చలను రెండేసి భాగములు చేసి, ఒక భాగమునకు వట్టి లేపనమును, రెండవదానికి విటమిన్ ఇ కలిపిన అదే లేపనమును, ఏది ఏదియో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయక, దినమునకు రెండుమార్లు 4 వారములు పూయించిరి. ఒకే దేహము, ఒకే మచ్చ, ఒకే వయస్సు. ఇక వంక పెట్టుటకు చోటెక్కడిది?

12 వారముల వరకు గమనింపగా, 90 శాతము సందర్భములలో విటమిన్ ఇ వలన మేలు కలుగకపోవుటయో, మచ్చ మరింత వికృతమగుటయో జరిగినది. పైగా 33 శాతము మందికి ఆ పూతవలననే చర్మము కందిపోయి దురద పుట్టినది. పదునైదుగురు కొద్దిమందియే, కాదనను. అయినను ఏ పూతయు లేకున్నను మచ్చ తనంత తానే నెలల తరబడి మెత్తబడి, ఎరుపు తగ్గి, పాలిపోవును గనుక, ఆ ఘనత నూనెకు దక్కుచుండుట సహజమే. ఉబ్బెత్తు మచ్చలకు వైద్యులు తరచుగా చెప్పెడు సిలికాన్ పట్టీల విషయమునను, వైద్య పరిశోధనలను కూర్చి తూచెడు కాక్రేన్ సంస్థవారి 2013 నాటి సమీక్ష ఆధారములు బలహీనములనియే తేల్చినది.