అరువు సరుకు... పూచీ ఎవరిది?

పెళ్లి వంటలు ఒక కాంట్రాక్టరుకు అప్పగిస్తాం. కాజాలు మాత్రం ఆయన చేయడు. తెలిసిన మిఠాయి మాస్టారి దగ్గర తెప్పిస్తాడు. మరి ఆ మాస్టారి ఫోన్ నంబరు పెళ్లివారికి ఇవ్వాలా, వద్దా? ఇస్తే వాళ్లకు సౌకర్యమే. 'ఇంకో వంద పంపండి' అని నేరుగా ఆయనకే చెప్పేస్తారు. కానీ రేపు కాంట్రాక్టరు ఆ మాస్టారిని మార్చుకుంటే? పెళ్లివారి చేతిలో పాత నంబరే ఉంటుంది. తిట్లు మాత్రం కాంట్రాక్టరుకే!

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ సరిగ్గా ఇదే చిక్కు. ఏ ప్రోగ్రామైనా మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒక్కరే రాసింది కాదు. ఎవరెవరో రాసిపెట్టిన మాడ్యూళ్లను తెచ్చి కలుపుకుంటారు. ఒకటి మరోదాన్ని వాడుకుంటుంది, అది ఇంకోదాన్ని... బయటివాళ్ల కోసం మాడ్యూల్ తెరిచి ఉంచే వాకిలే 'పబ్లిక్ ఏపీఐ'. తాను అరువు తెచ్చుకున్న మాడ్యూల్‌ని కూడా ఆ వాకిట్లో పెట్టి 'ఇదీ వాడుకోండి' అంటే... అది రీ-ఎక్స్‌పోర్ట్. పెట్టడం మంచిదా, కాదా అన్నదే తగవు.

గడియ పెట్టని గది

పైథాన్ భాషలో 'రిక్వెస్ట్స్' చాలా పేరున్న లైబ్రరీ. 2011లో మొదలైంది. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టడం దాని పని. అందులో బరువు మోసేది మాత్రం 'యూఆర్ఎల్‌లిబ్3' అనే మరో లైబ్రరీ. దాని కాపీని రిక్వెస్ట్స్ తన లోపలే పెట్టుకుంది. అది సొంత అవసరానికే. అయినా గదికి గడియ లేదు. హెచ్చరికలను ఆపడం లాంటి చిన్నచిన్న పనుల కోసం ప్రోగ్రామర్లు నేరుగా ఆ లోపలి గదిలోకే వెళ్లడం అలవాటు చేసుకున్నారు.

2017 మే నెలలో 2.16.0 వెర్షన్‌తో ఆ కాపీని తీసేసి, యూఆర్ఎల్‌లిబ్3ని విడిగా తెచ్చుకునే పద్ధతికి మారారు. అంతే... పాత దారిన వెళ్లే ప్రోగ్రాములకు ఇబ్బంది మొదలైంది. రోజుల వ్యవధిలోనే వరసగా దిద్దుబాటు వెర్షన్లు వచ్చాయి. గది లేదు, కానీ పాత తలుపు అక్కడే ఉంచాల్సి వచ్చింది. ఆ తలుపు నేటికీ ఉంది! ఎప్పుడూ ఇవ్వని మాటను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవాల్సి రావడమంటే ఇదే. వాడేవాళ్లు ఎక్కువైతే, కంటికి కనిపించే ప్రతిదాని మీదా ఎవరో ఒకరు ఆధారపడతారన్న సూత్రం గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ పేరు మీదే ప్రసిద్ధి.

దాచినా చిక్కే

అలాగని అన్నీ దాచేయడమూ కుదరదు. రస్ట్ భాషలో 'లిబ్‌సి' అనే పునాది మాడ్యూల్ ఉంది. చాలా లైబ్రరీలు దాన్ని లోపల వాడుకోవడమే కాదు, అందులోని సరుకునే బయటివాళ్ల చేతికీ అందించేవి. 2015లో లిబ్‌సి 0.2 వచ్చింది. కొందరు కొత్తదానికి మారారు, కొందరు పాతదాంట్లోనే ఉండిపోయారు. పేరు ఒకటే అయినా, రెండు వెర్షన్ల సరుకూ వేర్వేరని కంపైలర్ మొండికేసింది. చూడ్డానికి ఒకేలా ఉండి, మర కలవని నట్టూ బోల్టూ అన్నమాట. ఇలాంటి చోట 'మేం వాడే వెర్షన్ ఇదీ, ఇక్కడి నుంచే తీసుకోండి' అని రీ-ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటే, వాడేవాళ్లకు వెతుకులాట తగ్గుతుంది.

జావా, ఆండ్రాయిడ్ ఆప్‌లను తయారుచేసే 'గ్రేడిల్' ఈ తేడాను రెండు మాటల్లో తేల్చింది. 2017లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి, అరువు తెచ్చుకున్న ప్రతిదాన్నీ 'ఏపీఐ' అనో, 'ఇంప్లిమెంటేషన్' అనో ముందే రాసిపెట్టొచ్చు. మొదటిది వాకిట్లో సరుకు. రెండోది వంటింటి సరుకు. వంటింట్లో ఏది మార్చినా, అవతలివాళ్ల ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయాల్సిన పని సాధారణంగా ఉండదు.

కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. అరువు సరుకు మన చేతిమీదుగా వాడేవాడి చేతిలోకి వెళ్తోందా? వెళ్తుంటే దాపరికం వద్దు. పేరు చెప్పి, వాకిట్లో పెట్టి, పూచీ పడాలి. అది మారిన రోజున మనదీ పెద్ద మార్పేనని ఒప్పుకోవాలి. వెళ్లకపోతే గడియ పెట్టేయాలి. 'పడి ఉంటుందిలే, ఎవరికైనా పనికొస్తుంది' అని తలుపు ఓరగా వదిలేస్తేనే ముప్పు.

రీ-ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఒక్క లైను చాలు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఎంతమంది అనుమతి కావాలో ఆ లైను రాసినవాళ్లకూ తెలియదు!